ఒసాకాలో మా చివరి ఎనిమిది రోజులు



ఏప్రిల్ చివర్లో మేం జపాన్ వెళ్తున్నామని ఇక్కడ పోస్టు పెట్టినప్పుడు చాలామంది దీవించారు. తిరిగొచ్చాక రాయమన్నారు. వచ్చి ఇరవై రోజులైంది. రాయకపోవడానికి ఇంటర్నల్స్ ఒక కారణం, ఏం రాయాలో తేలకపోవడం ఇంకో కారణం. ఫొటోలు చూసినవాళ్లంతా రైళ్ల గురించి, పెద్ద పెద్ద బిల్డింగుల గురించి అడుగుతున్నారు. అవి యూట్యూబ్‌లో మాకంటే బాగా చూపించేవాళ్లు ఉన్నారు. మేం మాత్రం ఆఖరి ఎనిమిది రోజుల గురించే రాస్తాం. ఎందుకంటే అంతకు ముందు యాభై రోజులు అక్కడ ఒక అబద్ధం మీద బతికాం.

మేం అంటే ఇద్దరం. ఒకే హాస్టల్, ఒకే రూము, ఒకే డిగ్రీ క్లాసు. ఇద్దరం కోయ అమ్మాయిలమే. ఇద్దరి ఇళ్లల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఒకరి ఊరు కూనవరం దగ్గర, శబరి ఒడ్డున. పోలవరం ముంపులో ఉంది. ఇంకొకరిది చింతూరు నుంచి బాగా లోపలికి, ముంపులో లేదు. ఏది ఎవరిదో చెప్పం. కింద రాసేవాటిలో కొన్ని ఒకరికే జరిగాయి గానీ సిగ్గు ఇద్దరిదీ.

కాలేజీ నుంచి మొత్తం ఆరుగురం వెళ్లాం. ఒసాకాలో ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో రెండు నెలలు నీళ్ల పరీక్షలు నేర్చుకోవడం పని. యోదో నదికి వెళ్లి సీసాల్లో నీళ్లు పట్టుకు రావడం, వడకట్టడం, లెక్కలు రాయడం. టికెట్టు, గది వాళ్లే ఇచ్చారు. ఖర్చులకు కొంత డబ్బు కూడా ఇచ్చారు. ఇంటికి మాత్రం నష్టమే. మే నెలంటే తునికాకు. యాభై ఆకులకు ఒక కట్ట కట్టే పనిలో ఈసారి రెండిళ్లల్లోనూ రెండేసి చేతులు తగ్గాయి. "పోయి రండి, ఆకు వచ్చే ఏడాది కూడా వస్తది" అన్నారు ఇంట్లో. వచ్చే ఏడాది ఆ అడివి పక్కనే ఉంటామో లేదో ఒకరింట్లో తెలీదు. అయినా అట్లానే అన్నారు.

ఇక అబద్ధం సంగతి. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులోనే మా టీములో ఒకబ్బాయి నవ్వుతూ అడిగాడు, "మీరిద్దరూ కోటాలో వచ్చారా?" అని. ఇంకొకరు, "ఏజెన్సీ అంటే అన్నలు ఉంటారు కదా, మీరు చూశారా?" అని. చెడ్డవాళ్లేం కాదు. తర్వాత జ్వరం వస్తే మందులు తెచ్చిందీ వాళ్లే. కానీ ఆ రెండు ప్రశ్నలతోనే మా నోళ్లు మూతపడ్డాయి. మొదటి వారం ల్యాబ్‌లో పరిచయాలప్పుడు ఒక్కొక్కరు "మా ఊరు" అని ఒక స్లైడ్ చూపించాలి. మేం వైజాగ్ బీచ్ ఫొటో పెట్టాం. అక్కడివాళ్లు "చాలా అందంగా ఉంది, మీ ఇల్లు సముద్రం పక్కనేనా?" అంటే, "దగ్గరే" అన్నాం. సముద్రాన్ని మేం చూసింది ఒకేసారి, ఇంటర్‌లో ఎక్స్‌కర్షన్‌కి వెళ్లినప్పుడు.

ఒక అబద్ధం ఆడితే దాన్ని రోజూ మేపుతుండాలి. ఒకరోజు సూపర్ మార్కెట్‌లో నీళ్లు పోసిన ప్యాకెట్లో వెదురు కొమ్ములు కనిపించాయి. మన కొమ్ములే! టీములో ఒకమ్మాయి, "ఇదేంటి, దీన్ని తింటారా?" అని మమ్మల్నే అడిగింది. వానలు పడగానే అవ్వ కోసుకొచ్చి, తరిగి, ఉడికించి, చేదు నీళ్లు పారబోసి కూర వండుతుంది. మా ఇద్దరికీ నోరూరింది. "ఏమో, తెలీదు" అన్నాం. ఆ రాత్రి గదిలో దాని గురించి మాట్లాడుకోలేదు కూడా.

ఎనిమిది రోజులు మిగిలాయనగా ఒక ఆదివారం. మా ల్యాబ్‌లో మాకు పని నేర్పిన సీనియర్ అక్క (అక్కడ సెంపై అంటారు) ఎక్కడికి వెళ్దామని అడిగింది. మిగతా నలుగురు దోతోన్‌బోరి వెళ్లారు, చేతులు పైకెత్తి పరిగెత్తే మనిషి బోర్డు దగ్గర ఫొటో కోసం. మేం అప్పటికే ఒకసారి వెళ్లొచ్చాం. పైగా చేతిలో డబ్బులు అయిపోతున్నాయి. స్టూడెంట్ కార్డుకు తగ్గింపు ఉంటుందని సెంపై మమ్మల్ని మ్యూజియానికి తీసుకెళ్లింది. జూన్ వాన. మోనోరైలు దిగంగానే 1970 ఎక్స్‌పో జరిగిన పార్కు. తారో ఒకమోటో అనే ఆయన కట్టిన సూర్య గోపురం అక్కడ ఉంటుంది. 70 మీటర్ల ఎత్తు, పొట్ట మీద ఒక మొహం, పైన ఒక మొహం. వానలో దాన్ని చూస్తే జాతరలో నిలబెట్టిన వేల్పులాగే అనిపించింది. సెంపైకి ఆ మాట చెప్పలేకపోయాం. చెప్పాలంటే ముందు జాతర గురించి చెప్పాలి, దానికంటే ముందు మేం ఎవరమో చెప్పాలి.

దాని వెనకాలే జాతీయ మానవజాతి మ్యూజియం ఉంది. మింపాకు అంటారు. 1977లో తెరిచారు. ప్రపంచంలో అన్ని జాతుల పనిముట్లు, బట్టలు, వాయిద్యాలు, పడవలు ఉంటాయి. నడిచి నడిచి కాళ్లు పీకాయి. జపాన్ వైపు వచ్చాక ఐను వాళ్ల విభాగం ఉంది. గడ్డి ఇల్లు, విల్లు, చెక్కుడు పనులు, చెట్టు బెరడు నార తీసి నేసిన బట్ట. ఆ బట్ట ముందు చాలాసేపు నిలబడ్డాం.

జపాన్‌లో కూడా ఆదివాసులు ఉన్నారని అప్పటిదాకా మాకు తెలీదు. ఇందులో దాచేదేం లేదు. జపాన్ అంటే అందరూ జపాన్ వాళ్లే అనుకున్నాం. ఐను వాళ్లు ఉత్తరాన హొక్కైడో దీవిలో ఎక్కువ. ఐను అంటే వాళ్ల భాషలో మనిషి అని అర్థం. మనం కోయితోర్ అనుకుంటాం కదా, అట్లా. సెంపైది హొక్కైడోనే, కానీ ఆమె ఐను కాదు. చిన్నప్పుడు బడి పుస్తకంలో వాళ్ల గురించి ఒక పేజీ ఉండేదని, పరీక్షలో కూడా అడిగేవాళ్లు కాదని చెప్పింది. తర్వాత తనే ఇంకో సంగతి చెప్పింది. హొక్కైడోలో ఊళ్ల పేర్లు చాలావరకు ఐను మాటలేనట. వక్కనై అనే ఊరు ఉంది, ఐను భాషలో వక్కా అంటే నీళ్లు, నై అంటే వాగు. పేరు పలికేవాళ్లలో చాలామందికి ఆ భాష రాదు.

అప్పుడు మాలో ఒకరికి నోరు జారింది. "మా భాషలో నీళ్లను ఏరు అంటాం."

సెంపై అడిగింది, "తెలుగులోనా?"

"కాదు. తెలుగులో ఏరు అంటే వాగు. మా ఇంటి భాష వేరే. కోయ."

యాభై రోజుల్లో ఆ మాట బయటికి రావడం అదే మొదటిసారి. సెంపై ఆశ్చర్యపోలేదు. వైజాగ్ బీచ్ సంగతి అడగలేదు. "ఇంకా చెప్పండి" అంది, అంతే. అక్కడ బెంచీ మీద కూర్చుని గంటసేపు చెప్పాం. వచ్చీరాని ఇంగ్లీషు, ఫోన్లో అనువాదం యాప్. భూమి పండుగ, ఇప్ప పువ్వు, 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చినప్పుడు గుట్ట మీద టార్పాలిన్ కింద ఎన్ని రోజులు ఉన్నామో, పోలవరం నీళ్లు మొదట 41.15 మీటర్ల దాకా, ఆ తర్వాత 45.72 దాకా నిలబెడితే ఊళ్లు ఎట్లా లెక్క మారతాయో. ముంపు అనే మాటకు యాప్ ఏదో తప్పు మాట చూపించింది. చివరికి కాగితం మీద బొమ్మ వేశాం. నది, గోడ, వెనక ఊరు.

ఆ బొమ్మ చూసి ఆమె "నిబుతని" అంది.

ఈ పేరు గ్రూపులో అందరూ గుర్తుపెట్టుకోవాలని మా కోరిక, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాం. హొక్కైడోలో సారు అనే నది. దాని ఒడ్డున నిబుతని అనే ఐను ఊరు. అక్కడ ప్రభుత్వం డ్యామ్ కట్టాలని భూములు తీసుకుంది. చాలామంది పరిహారం తీసుకుని ఇచ్చేశారు. ఇద్దరు మాత్రం ఇవ్వమన్నారు. ఒకాయన కయనో షిగెరు, ఇంకొకాయన కైజవ తదాషి. కయనో వాళ్ల నాన్న నదిలో సాల్మన్ చేప పట్టాడని పోలీసులు తీసుకెళ్లారట. తాతల నుంచి తింటున్న చేపను పట్టడం నేరమని పైనుంచి చట్టం వచ్చింది మరి. మన పెద్దవాళ్లకు పోడు కేసులు గుర్తొస్తాయి. ఇద్దరూ కోర్టుకెక్కారు. కైజవ 1992లో చనిపోతే ఆయన కొడుకు కేసు నడిపాడు. 1997 మార్చిలో సప్పొరో జిల్లా కోర్టు తీర్పు ఇచ్చింది. ఐను వాళ్లు అక్కడి మూలవాసులని, వాళ్ల సంస్కృతిని సరిగ్గా లెక్కలోకి తీసుకోకుండా భూమి తీసుకోవడం చట్టవిరుద్ధమని చెప్పింది. కానీ అప్పటికే డ్యామ్ కట్టేశారు, నీళ్లు నింపేశారు. ఇప్పుడు తీసేస్తే ప్రజలకు నష్టమని డ్యామ్‌ను అట్లాగే ఉంచేశారు.

ఐను వాళ్ల కోసమని 1899లో చేసిన పాత చట్టాన్ని రద్దు చేసింది కూడా 1997లోనే. వాళ్లు మూలవాసులని పార్లమెంటు తీర్మానం చేసింది 2008లో. ఆ మాట చట్టంలోకి ఎక్కింది 2019లో. కయనో 1994లో పార్లమెంటుకు వెళ్లిన మొదటి ఐను మనిషి. అక్కడ ఐను భాషలో కూడా మాట్లాడాడు. అంతకు ముందే ఊళ్లో పిల్లలకు ఆ భాష నేర్పడానికి బడి పెట్టాడు. ఇవన్నీ సెంపై కొంత చెప్తే, కొంత ఆ రాత్రి చదువుకున్నాం.

సోమవారం నుంచి బుధవారం దాకా ల్యాబ్ పని సర్దుడు, గది సర్దుడు. దాని గురించి ఎక్కువ రాయం. జపాన్‌లో చెత్త పారేయడం ఒక సబ్జెక్టు అని మాత్రం చెప్తాం. ఏ రోజు ఏది వేయాలో తప్పితే కవరు అక్కడే వదిలేసి పోతారు.

గురువారం ఆఖరి ప్రజెంటేషన్. ఇద్దరికీ కలిపి పది నిమిషాలు. నీళ్ల లెక్కలు అందరివీ ఒకేలా ఉంటాయి. మేం మొదటి స్లైడ్ మార్చాం. వైజాగ్ బీచ్ తీసేసి శబరి ఒడ్డున ఇంటి ఫొటో పెట్టాం. తమ్ముడు అంతకు ముందు రోజే వాట్సాప్‌లో పంపాడు. ముందు మేక, వెనక పాక, పక్కన వరద నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో చూపించే మట్టి గీత. బుధవారం రాత్రి ఆ స్లైడ్‌ను తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీసి, రెండింటికి పడుకున్నాం. మాలో ఒకరు "వద్దే, ఇంక నాలుగైదు రోజుల్లో వెళ్లిపోతాం కదా, ఎందుకిప్పుడు" అని ఏడ్చారు కూడా. ఎవరో చెప్పం.

"మొదటి వారం చూపించింది మా ఊరు కాదు, క్షమించండి. మా ఊరు ఇది" అని మొదలుపెట్టాం. ఎవరూ ఏమీ అనలేదు. అక్కడ ఎవరైనా మాట్లాడుతుంటే మధ్యలో ఏమీ అనరు, దాంతో ఇంకా భయం వేసింది. వెదురు కొమ్ముల కూర సంగతి కూడా చెప్పేశాం. దానికి మాత్రం గదంతా నవ్వారు, మంచిగానే. కొమ్మును ఉడికించి చేదు తీయడం వాళ్లకూ తెలుసట, మేం నీళ్లు పారబోస్తే వాళ్లు తవుడు వేసి ఉడికిస్తారట.

తర్వాత ప్రొఫెసర్ అడిగారు, "మీ భాషలో నీళ్లను ఏమంటారు?" చెప్పాం. రాసుకున్నారు. "ఒకటి నుంచి పది వరకు చెప్పండి, వింటాను" అన్నారు.

ఒకటి, రెండు, మూడు మన మాటల్లోనే వచ్చాయి. నాలుగు దగ్గర ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మూడో తరగతిలో ఆశ్రమ పాఠశాలకు వెళ్లాం. అక్కడ లెక్కలు తెలుగు. ఇప్పుడు ఇంగ్లీషు. మధ్యలో ఎప్పుడు జారిపోయాయో తెలీదు. నిలబడలేక మిగతావి తెలుగు అంకెలే గబగబా చెప్పేశాం. ప్రొఫెసర్ చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. ఒక అబద్ధం మార్చుకున్న రెండు నిమిషాలకే ఇంకొకటి.

బయటికి వచ్చాక ఎయిర్‌పోర్టులో కోటా అని అడిగిన అబ్బాయే వచ్చాడు. "మీ భాషలో అంకెలు తెలుగులాగే ఉన్నాయే" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. మేం చెప్పేశాం. "అవి తెలుగే. మావి మాకు రావు." అతను కాసేపు ఆగి, "మా ఇంట్లో కూడా తాతకు వచ్చిన పాటలు నాకు రావు" అన్నాడు. రెండూ ఒకటి కాదు అనుకున్నాం. అనలేదు. సాయంత్రం తనే వెళ్లి ప్రొఫెసర్ దగ్గర నిజం చెప్పడానికి మాకు తోడొచ్చాడు. ప్రొఫెసర్ పుస్తకం తీసి, మూడు తర్వాత గీత కొట్టి, ఖాళీ వదిలారు. "తెలిసినప్పుడు పంపండి" అన్నారు.

శుక్రవారం రాత్రి ఇంటికి ఫోన్ చేశాం. అక్కడ పది గంటలంటే మనకు సాయంత్రం ఆరున్నర. సిగ్నల్ కోసం నాన్న రోడ్డు మీదికి వచ్చి నిలబడతాడు. నిబుతని గురించి చెప్పాం, ఉత్సాహంగా. ఆదివాసులు కోర్టులో గెలిచారు అని. నాన్న అంతా విన్నాడు.

"డ్యామ్ తీసేశారా?"

"లేదు నాన్నా."

"మరి గెలిచి ఏం వచ్చింది?"

"ఈ భూమికి వీళ్లే మూలవాసులని కోర్టు కాగితం మీద రాసింది."

నాన్న కొంచెంసేపు మాట్లాడలేదు. లారీ పోతున్న చప్పుడు వినిపించింది. "రాసింది కదా" అన్నాడు. ఆ మాట ఏ గొంతుతో అన్నాడో మాకు ఇప్పటికీ తెలీదు. ఇంటికొచ్చాక అడగాలనుకున్నాం గానీ అడగలేదు.

శనివారం వంద యెన్ షాపు. వంద అంటారు గానీ పన్నుతో 110. తమ్ముళ్లకు పెన్నులు, అమ్మలకు చేతి తువాళ్లు, వార్డెన్ మేడమ్‌కు చిన్న గొడుగు. నాన్నలకు కలుపు కోసే చిన్న కొడవళ్లు రెండు. చెక్క పిడి, పలచటి రేకు, కానీ పదును భలే ఉంది. ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారేమోనని భయపడి పెద్ద పెట్టెలో బట్టల మధ్య చుట్టి పెట్టాం. పెట్టె 23 కిలోలు దాటకూడదు. ల్యాబ్‌లో సరుకు తూచే కాటా మీద పెట్టి చూస్తే 24న్నర. రెండు పుస్తకాలు, ఒక జత బూట్లు సెంపై గదిలో వదిలేశాం. కొడవళ్లు తీయలేదు.

ఆదివారం పొద్దున యోదో నది గట్టు మీదికి సైకిళ్ల మీద వెళ్లాం, తిరిగిచ్చేసే ముందు ఆఖరిసారి. వాన ఆగింది. మేం రెండు నెలలు నీళ్లు తోడిన చోటు. ఆ వెడల్పాటి పాయ అసలు నది కాదట, 1885 పెద్ద వరద తర్వాత మనుషులు తవ్విన కొత్త దారి, 1910కి పూర్తయింది. ఇప్పుడు దాని ఒడ్డున పిల్లలు బేస్‌బాల్ ఆడుతుంటారు. తవ్వినప్పుడు అక్కడ ఎవరి పొలాలు ఉండేవో, వాళ్లు ఎటు వెళ్లారో అని మాట్లాడుకున్నాం. మొదటి వారంలో ఇదే గట్టు మీద నిలబడి "గోదావరి ముందు ఇది ఎంత" అనుకున్నవాళ్లమే.

ఆ రాత్రి మళ్లీ ఫోన్ చేశాం, ఈసారి అవ్వకు. తమ్ముడు అవ్వను రోడ్డు దాకా తీసుకొచ్చాడు. "అవ్వా, పది దాకా లెక్కపెట్టవే, మన మాటల్లో" అంటే పకపకా నవ్వింది. అంత దూరం పోయి లెక్క మర్చిపోయారా అంది. తర్వాత మొదలుపెట్టింది, వేళ్లు ముడుస్తున్నట్టు మెల్లగా. మేం ఫోన్‌లో రికార్డు చేశాం. ఏడు దాకా చెప్పింది. ఆగింది.

"ఎనిమిది, అవ్వా?"

"ఎనిమిది తెలుగే."

"తెలుగుకు ముందు ఏమనేవాళ్లు?"

"ఏమో, మా అమ్మ కూడా ఎనిమిది అనే అనేది. ఏడు దాటితే తెలుగే. సంతలో అమ్మేటప్పుడు తెలుగే కదా."

మేం మర్చిపోయింది నాలుగు నుంచి ఏడు దాకా. ఎనిమిది, తొమ్మిది, పది మా ఊళ్లో మాకంటే ముందే ఎప్పుడో పోయాయి.

సోమవారం కన్సాయ్ ఎయిర్‌పోర్టు, సముద్రంలో మట్టి పోసి కట్టింది. సెంపై వచ్చి, చేతికి వెదురు కొమ్ములు వేసిన అన్నం డబ్బా ఇచ్చింది. బ్యాంకాక్‌లో విమానం మారేలోపు తినేశాం. హైదరాబాద్, భద్రాచలం, ఊరు. కొడవళ్లు ఎవరూ పట్టుకోలేదు. ఒకటి అప్పుడే మొద్దుబారింది, నాన్న రాయి మీద నూరుకున్నాడు.

ఇప్పుడు ఈ పోస్టు అసలు పని. ప్రొఫెసర్ పుస్తకంలో ఏడు దాకా పంపేశాం, అవ్వ గొంతుతో సహా. సుక్మా, కొంటా వైపు, మల్కన్‌గిరి వైపు చుట్టాలు ఉన్నవాళ్లు ఈ గ్రూపులో చాలామంది ఉన్నారు. గోండు అన్నలు కూడా ఉన్నారు. ఎనిమిది, తొమ్మిది, పదికి మీ ఊళ్లో పాత మాటలు ఎవరికైనా వస్తే రాసి పంపకండి, పెద్దవాళ్ల చేత పలికించి వాయిస్ పెట్టండి. ఊరి పేరు కూడా చెప్పండి. రాస్తే తెలుగు అక్షరాల్లో సరిగ్గా పలకడం లేదు, మేం అవ్వ మాటలు రాసి చూశాం.